కూచ్చం పేస్టు

బావా,

నేను ఆరుముప్పావు బండికి తిరువళ్ళూరు పోతున్నా. పేస్టు అద్దం దగ్గరే ఉంది. రుద్దినాక నురగ ఉమ్మెయ్, చాలు. నిన్నటిలా చెంబెడు నీళ్ళు పుక్కిలిస్తే మందంతా తూములోకే పోతుంది. డబ్బా మీద నాలుగు వారాలని రాసుంది. రెండో రోజే "ఇది పనికిరాదు" అంటే ఎట్లా? ఇటుకపొడి వెతకొద్దు, పారేసినాను. అంబలి బయటే పెట్టినా. ఫ్రిజ్జు తెరవొద్దు.

మా చెల్లెలి పెళ్ళిలో కళ్ళనీళ్ళు కారుతుంటే "కారం ఎక్కువైంది" అన్నావే, ఐస్‌క్రీంలో కారమేంది బావా? అరవంలో పళ్ళు జివ్వుమన్నా కూచ్చమే, సిగ్గుపడినా కూచ్చమే. నీకు రెండూ ఉన్నాయి.

దేవకి

పేస్టు కొనేటప్పుడు మందుల షాపు కన్నన్ "ఎవరికక్కా?" అని అడిగినాడు. నాకేనని చెప్పినాలే.