గువ్వ దిగిన వీధి

అమ్మకు,

నీ కూతురు నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ మేం నలుగురం వేళకు తిని, ఒళ్ళు బాగుండి, తిరుగుతూనే ఉన్నాం. అక్కడ నువ్వూ, నీ హాస్టలూ, వార్డెనమ్మా అంటూ నీ చుట్టూ తిరిగే ఆడపిల్లలూ అలాగే ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం వచ్చి పదకొండు రోజులైంది. జవాబు ఆలస్యమైందని కోపం తెచ్చుకోకు. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ చించేశాను. ఫోన్లో చెబుదామంటే నీకు సగం వినపడదు, వినపడిన సగాన్ని ఇంకోలా అర్థం చేసుకుంటావు. అయినా ఇది అరిచి చెప్పే సంగతి కాదు.

ముందు నువ్వడిగినవి. చిన్నాడి దగ్గు పూర్తిగా తగ్గింది. నా వేలి గాయం మానింది. అద్దాలు అరగదీసే చక్రం ముందు కూర్చున్నప్పుడు ఇప్పుడు వేలికి రబ్బరు తొడుగు వేసుకుంటున్నాను. మా కళ్ళజోళ్ళ షాపుకు మొన్న ఒక పెద్దాయన వచ్చాడు. కొత్త అద్దాలు పెట్టుకుంటే వాళ్ళావిడ ఒక్కసారిగా ముసలిదైపోయినట్టు కనపడుతోందట, పాతవే ఇచ్చెయ్యమన్నాడు. నీ అల్లుడు ఎప్పటిలాగే ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేసి, లిఫ్టు లేని మా బిల్డింగుకు వచ్చి మూడంతస్తులు ఆయాసపడుతూ ఎక్కుతున్నాడు.

పిల్లలు ఫోన్లో ముక్తసరిగా మాట్లాడుతున్నారు, నా మీద అలిగారా అని చివర్లో అడిగావు. అలగలేదు. అది చెప్పడానికే ఈ ఉత్తరం. కాస్త కూర్చుని చదువు.

రెండు నెలల కిందట కొత్త ఫ్రిజ్ కొన్నాం కదా. దాని అట్టపెట్టెను పారేయబోతే పిల్లలు అడ్డం పడ్డారు. వెనక గదిలో కిటికీ పక్కన దాన్ని అడ్డంగా పడుకోబెట్టి, ఒక తలుపు కత్తిరించి, లోపల రంగు పెన్సిళ్ళతో మీటలూ, గడియారం ముళ్ళూ, ఒక ఎర్ర లైటూ గీసుకున్నారు. బడి నుంచి రాగానే అందులో దూరి కళ్ళు మూసుకుంటారు. ఎక్కడికి, ఎప్పటికి అని పెద్దది అడుగుతుంది. చిన్నాడు చెబుతాడు. ఇద్దరూ కలిసి పది లెక్కపెడతారు. అంతే, బండి కదిలినట్టే. సముద్రం అడుగుకు వెళ్ళొచ్చారు. నిప్పు అంటే ఏమిటో ఎవరికీ తెలియని కాలానికి వెళ్ళొచ్చారు. మా బిల్డింగు కట్టకముందు ఇక్కడ ఏనుగులుండేవని వాడు, ఉత్త బురదే ఉండేదని ఇది, రెండు రోజులు మాటల్లేవు. వెళ్ళిన ప్రతి చోటునీ పెద్దది తారీఖు వేసి నోటుబుక్కులో రాస్తుంది. తొమ్మిదేళ్ళకే ఎంత పద్ధతి అని ముచ్చటపడ్డాను.

ఒక ఆదివారం బట్టలు మడతపెడుతూ ఆ పుస్తకం తిరగేశాను. ఒక పేజీలో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "ఇవాళ తమ్ముడు ఎక్కడికీ అనలేదు. అయినా బండి కదిలింది. ఒక వీధిలో ఆగింది. మధ్యాహ్నం ఎండ. గోడ మీద పెద్ద నల్ల గొడుగు బొమ్మ ఉంది. పంపు కింద రాయి నీళ్ళు పడి పడి గుంట పడింది. మలుపులో ఒక పాప నిలబడి ఉంది. ఒక కాలికే చెప్పు ఉంది. చేతిలో చీటీ ఉంది. చూపించమంటే చూపించలేదు."

మన పాత వీధి గోడ మీది ఆ గొడుగు సంగతి నీకు నేను చెప్పాలా అమ్మా. మనం ఆ ఇల్లు వదిలేశాక ఆ వీధి గురించి నేను ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్నవాడికి కూడా. తమకు ఒక పిన్ని ఉండేదని, ఐదేళ్ళ వయసులో ఇంట్లోంచి బయటికి వెళ్ళి మళ్ళీ కనపడలేదని నా పిల్లలకు తెలియదు. ఇరవై తొమ్మిదేళ్ళుగా గువ్వ పేరు నా నోటి వెంట రాలేదు. మొదటిసారి రాస్తున్నాను. అక్షరాలు గజిబిజిగా ఉంటే సర్దుకో.

పెద్దదాన్ని పిలిచి, ఇదంతా ఎక్కడ చూశావని అడిగాను. వెళ్ళి చూశామంది. ఎప్పుడో నిద్రలో కలవరించి ఉంటావు, పిల్లలు విని ఉంటారు అన్నాడు నీ అల్లుడు. అలాగే అనుకుందామనుకున్నాను. తర్వాత ఒకరోజు చిన్నాడికి అన్నం కలుపుతూ ముద్దలు లెక్కపెట్టమన్నాను. ఆరు తర్వాత ఎనిమిది అన్నాడు, ఆ తర్వాత ఏడు. నిరుడే వందదాకా తప్పు లేకుండా చెప్పినవాడు. సరిగ్గా చెప్పమంటే, "ఆ పాప ఇలాగే లెక్కపెడుతుందమ్మా, మేం కూడా అలా లెక్కపెడితేనే బండి అక్కడ ఆగుతుంది" అన్నాడు.

గువ్వకు ఏడు ఎప్పుడూ ఎనిమిది తర్వాతే వచ్చేది. నువ్వు ఎన్నిసార్లు దిద్దావో.

ఆ పెట్టెను చింపి పారేస్తానన్నాను. చిన్నాడు ఏడవను కూడా లేదు. మరి ఆ పాప దగ్గరికి ఎవరు వెళతారని మాత్రం అడిగాడు. పెట్టె అక్కడే ఉండిపోయింది.

మంగళవారం మా షాపుకు సెలవు. పోయిన మంగళవారం పిల్లలు బడికి వెళ్ళారు, ఆయన పనికి వెళ్ళాడు. పన్నెండింటికి ఇల్లు ఊడుస్తూ వెనక గదిలోకి వెళ్ళాను. చీపురు పక్కన పెట్టి, మోకాళ్ళ మీద వంగి ఆ పెట్టెలోకి దూరాను. ముప్పైయేడేళ్ళ మనిషిని, తల పైన తగులుతోంది, మోకాళ్ళు గడ్డానికి ఆనుతున్నాయి. ఎవరైనా చూస్తే నవ్వుతారనుకుంటూనే కళ్ళు మూసుకుని లెక్కపెట్టాను. ఆరు, ఎనిమిది, ఏడు.

అట్ట వాసన పోయింది. ఎండలో తడి సున్నం వాసన వచ్చింది. మన వెనక సందు. నేను నడుస్తున్నానో నిలబడ్డానో తెలియదు. సందు దాటి వీధిలోకి వచ్చాను. గొడుగు ఉంది, పంపు ఉంది. ఎక్కడా మనిషి లేడు, ఒక్క శబ్దం లేదు. మలుపులో అది నిలబడి ఉంది, జేబు ఉన్న పచ్చ గౌనులో. దాని నీడ నేల మీద లేదని నేను తర్వాత గుర్తు తెచ్చుకున్నాను, అప్పుడు చూడలేదు. నా వంక తలెత్తి, తెలియని పెద్దవాళ్ళతో మాట్లాడేటట్టు మర్యాదగా, "ఏమండీ, నాన్న ఉండే వీధి ఇదేనా?" అని అడిగింది.

కళ్ళు తెరిచేశాను. వెనక గదిలో, అట్టపెట్టెలో, ముఖం తడిసిపోయి ఉన్నాను.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ముఖం కడుక్కుని, పిల్లలకు పాలు కాచి కూర్చున్నాను. నాలుగున్నరకు వచ్చారు. సంచులు పడేసి ఎప్పటిలాగే పెట్టెలో దూరారు. కాసేపటికి పెద్దది వంటింట్లోకి వచ్చి నా పక్కన నిలబడింది.

"అమ్మా, ఇవాళ నువ్వు అక్కడికి వెళ్ళావా?"

నేను పొయ్యి వైపే చూస్తూ, ఎక్కడికి అన్నాను.

"ఎవరో పెద్దావిడ వచ్చిందట. అడిగినదానికి జవాబు చెప్పకుండా ఏడుస్తూ వెళ్ళిపోయిందట. మీ అమ్మేనా అని అడిగింది ఆ పాప."

అమ్మా, నీ దగ్గర ఇక దాచను. ఆ చీటీ రాసింది నేను.

మనింట్లోనూ ఇదే ఆట ఉండేది, నీకు తెలియదు. నువ్వు ఆస్పత్రి లాండ్రీలో మధ్యాహ్నం డ్యూటీకి వెళ్ళాక కుర్చీలు వరసగా వేసి బస్సు చేసేవాళ్ళం. నేను కండక్టరు, అది ప్రయాణికురాలు. చంద్రుడి మీదికి, మంచు కొండలకు, రేపటికి, ఎక్కడికి తీసుకెళతానన్నా దానికి ఒక్కటే కావాలి, నాన్న పనిచేసే రాళ్ళ క్వారీకి. ఆ రోజు కూడా అదే అడిగింది. నాన్న నెలన్నరగా రాలేదు. నాకు లైబ్రరీ పుస్తకంలో పది పేజీలే మిగిలాయి, అది వదలడం లేదు. విసుగు పుట్టింది. నోటుబుక్కులోంచి కాగితం చింపి, 'నాన్న దగ్గరికి' అని రాసి చేతిలో పెట్టి, కళ్ళు మూసుకుని లెక్కపెట్టమన్నాను. అది లెక్కపెడుతుండగా స్టూలు లాక్కుని, ఎక్కి, పెరటి తలుపు పైగడియ తీశాను. ఊరొచ్చింది దిగు, ఇదే నాన్న ఉండే వీధి, తిన్నగా వెళ్ళు అన్నాను. పెరట్లోకి వెళ్ళి, ఎవరూ లేరని నిమిషంలో తిరిగి వచ్చేస్తుందనుకున్నాను. అది ఎంత సంబరంగా దిగిందో. ఒక చెప్పు గడపలోనే ఊడిపోయినా ఆగలేదు.

నేను పుస్తకం పూర్తి చేశాను. పూర్తయ్యాక చూస్తే పెరట్లో లేదు, సందులో లేదు, వీధిలో లేదు. అప్పుడు నేను చేసింది విను. స్టూలు తీసి దాని చోట పెట్టేశాను. కుర్చీలు గోడకు జరిపాను. ఎనిమిదేళ్ళ పిల్లకు అంత తెలివి ఎక్కడిదో. నువ్వొచ్చాక నిద్రపోయానని చెప్పాను.

వీధి తలుపుకు నువ్వు బయట తాళం వేసే వెళ్ళావు. తెరిచి ఉన్నది పెరటి తలుపు. అందరూ నిన్నే అడిగారు. నువ్వు గోడకు ఆనుకుని, హడావుడిలో గడియ మరిచిపోయానేమో అన్నావు. నేను నీ చీర కొంగు పట్టుకుని నీ పక్కనే నిలబడి విన్నాను. ఆ 'ఏమో' వారం తిరక్కుండా పోయింది, మరిచిపోయాననే నువ్వూ నమ్మేశావు. నాన్న నిన్ను ఒక్క మాట అనలేదు, అసలు మాటలే మానేశాడు. నానమ్మ మాత్రం పోయేదాకా అంటూనే ఉంది. నేను పెద్దదాన్నయ్యాను, పెళ్ళి చేసుకున్నాను, పిల్లల్ని కన్నాను. ఒక్కరోజు నోరు విప్పి ఉంటే నాన్న నీతో మాట్లాడి ఉండేవాడు. నన్ను క్షమించమని అడగను. అడగడానికి నాకు ముఖం చెల్లదు.

ఇదంతా నిన్న పిల్లలకు కూడా చెప్పాను, వాళ్ళకు అర్థమయ్యేంతవరకు. పెద్దది ఏడ్చింది. చిన్నాడు ఆశ్చర్యపోలేదు. వాడికి ఇంకో సంగతి అంతుపట్టడం లేదట. ఆ వీధికి అమ్మమ్మ ఎందుకు వస్తుందని అడిగాడు.

నువ్వు రోజూ వస్తావట అమ్మా. పాప ఉన్న మలుపుదాకా రావట. పెరటి తలుపు దగ్గరే నిలబడి, గడియ మీద చెయ్యి వేసి చూస్తావట, తీస్తావట, వేస్తావట, మళ్ళీ చూస్తావట. పిల్లలు పిలిస్తే నీకు వినపడదట. అందుకే ఫోన్లో నీతో ఏం మాట్లాడాలో తెలియక తడబడ్డారు. క్షమించు క్షమించు అని అమ్మమ్మ ఎవరితో అంటోంది, గడియ వేసే వెళ్ళిందిగా, మేం చూశాం కదా అన్నాడు చిన్నాడు.

నువ్వు వేశావమ్మా. నీకు గుర్తులేదు కానీ వేశావు. నేను కిందనుంచి చూసి, అంత పైదాకా నీ చెయ్యి ఎలా అందుతుందా అనుకున్నాను. ఇక ఆ తలుపు దగ్గరికి వెళ్ళకు.

ఇవాళ పొద్దున మళ్ళీ పెట్టెలోకి వెళ్ళాను, పిల్లలతో కలిసి, వాళ్ళ మధ్య ఇరుక్కుని. ఈసారి కళ్ళు తెరవలేదు. ఇది నాన్న వీధి కాదని, నేను అబద్ధం చెప్పానని దానికి చెప్పాను. నా ముఖంలోకి చూసింది. అక్కవా అని అడిగింది. అవునన్నాను. ఇంత పెద్దదానివయ్యావేం అంది. తర్వాత చిన్నాడి చెయ్యి పట్టుకుంది. మా ఇంటికి రమ్మంటే రానంది. అమ్మ ఎక్కడుంది అని అడిగింది. ఇరవై తొమ్మిదేళ్ళు నేనే దాన్ని దారి తప్పించాను, ఇప్పుడు మాత్రం సరైన అడ్రసు చెప్పాను. హాస్టలు, మేడమీద, వరండా చివర గది.

ఆదివారం మధ్యాహ్నం పిల్లలు దాన్ని అక్కడ దింపుతారట. ఆ పూట నీ గది తలుపు దగ్గరగా వేసి ఉంచు చాలు. గడియ పెట్టకు.

ఇట్లు,
నీ పెద్ద కూతురు