చార లేని బండ

కర్నూలు,
మార్చి 12, 1958.

మామగారికి, అత్తమ్మకు ఏసేపు వందనాలు.

కృపమణి చివరిరోజు ఎట్లా గడిచిందని అత్తమ్మ రెండుసార్లు అడిగించింది. బేతంచెర్ల నుంచి మీరు వచ్చేసరికి సమాధి వేళయింది. ఆనాడు నేనేమీ చెప్పలేకపోయాను. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు వ్రాస్తున్నాను.

పొద్దున జ్వరం తగ్గినట్టు కనిపించింది. గంజి తాగింది. పక్కింటి హంపమ్మను పిలిపించుకుని జడ వేయించుకుంది. నన్ను కాలేజీకి పొమ్మంది. పోలేదు. "మీ మిషను తిరిగిందా?" అని అడిగింది. ఇంకా రాతిపలక కుదరలేదన్నాను. "మా నాయన్ను అడిగితే ఇయ్యడా? అడగాలంటే మీకు నామోషీ" అని నవ్వింది. మధ్యాహ్నం చలి పుట్టింది. డాక్టరు వచ్చి సూది వేశాడు. దీపాలు పెట్టే వేళకు పోయింది. నొప్పి అని అనలేదు. అంతే.

ఆమె అడగమన్నది ఇప్పుడు అడుగుతున్నాను.

మొన్నటిదాకా మా ఎలక్ట్రికల్ శాఖ అంటే ఒక గది, కొన్ని బల్లలు. రాజధాని హైదరాబాదుకు పోయాక ఖాళీ అయిన షెడ్డొకటి మాకిచ్చారు. మోటారూ జనరేటరూ వచ్చి అందులో కూర్చున్నాయి. డిగ్రీ తరగతి పెట్టుకోనిమ్మని విశ్వవిద్యాలయానికి వ్రాసుకున్నాం. వాళ్ళు సోమవారం చూడటానికి వస్తున్నారు. యంత్రాలు నడిస్తే తరగతి వస్తుంది. నడవకపోతే ఈ జిల్లా పిల్లలు మళ్ళీ పరాయి ఊళ్ళకు పోవాలి, పోగలిగినవాళ్ళు.

స్విచ్చులు, మీటర్లు బిగించడానికి మనిషెత్తు రాతిపలక కావాలి. రాయి కరెంటును పారనివ్వదు. కానీ రాతిలో తుప్పురంగు చార ఉంటే దాని వెంబడి పారుతుంది. మేము కొన్న బండలో చార బయటపడింది. అది బిగిస్తే ముట్టుకున్నవాడు బతకడు. ఊళ్ళో ఇంకొకటి దొరకలేదు.

కృపమణి సమాధికని తరువాత మీరు పేరు చెక్కి తెచ్చిన నల్లబండలో చార లేదు. నిన్న మీటరు పెట్టి చూశాను. రెండు పక్కలా నునుపు. కింది పక్క ఎందుకు రుద్దారని బండ తెచ్చిన రోజు అడిగితే, "నా బిడ్డకు ఆనే పక్క గరుగ్గా ఉంటే ఎట్లప్పా?" అన్నారు.

సమాధి మీద బండ పెట్టడానికి మేస్త్రీ దొరకలేదని మీకు వ్రాశాను. దొరికాడు. నేనే వెనక్కు పంపాను. బండ ఇంకా మా వరండాలో గోడకు ఆనించి ఉంది. దాన్ని పెట్టేస్తే ఆమెకు నేను చేయవలసింది ఇంకేమీ మిగలదు.

బండ మీది. ఇస్తే స్విచ్చుల పలకగా షెడ్డులో బిగిస్తాం. వద్దంటే తాకను. సోమవారం షెడ్డు మూసి ఉంచుతాం. ఈ ఉత్తరం తెచ్చే లారీ గిడ్డయ్య చేతనే జవాబు పంపండి.

మీ అల్లుడు,
ఏసేపు

కర్నూలు,
మార్చి 14.

మామగారికి,

గిడ్డయ్య వచ్చాడు. జవాబేదని అడిగాను.

"చీటీ ఏం లేదు సారూ. మీ అత్త చదువుతాంటే మీ మామ ఇన్యాడు. లేసి బండల మధ్యకు పోయినాడు. శానాసేపు రాలే. వచ్చినాక, అల్లుడు కాబట్టి సరిపోయింది, ఇంకోడైతే తన్నేటోన్ని అన్యాడు."

మీరు తన్నినా పడేవాణ్ణి.

తరువాత గిడ్డయ్య గోనెసంచి దించాడు. అందులో మీరు రాతిని తొలిచే చేతి బరమా ఉంది. "కాలేజీ మిషన్తో తొలిస్తే పగులుతాదంట. నీళ్ళు పోస్తా నిదానంగా తిప్పమన్యాడు. బెజ్జం పేరు మింద పడనీయొద్దంట."

పడనీయం. పేరున్న పక్క గోడవైపు, తీగలు పోయే చోట ఉంటుంది. ఎదుటికి వచ్చేది ఆమెకు ఆనాలని మీరు రుద్దిన పక్క. పిల్లలు చేతులు ఆనించేది దాని మీదే.

చార ఉన్న బండను ఇంటికి తెప్పించాను. అది సమాధికి పెడతాను. అక్కడ చారతో ఎవరికీ ప్రమాదం లేదు. దాని మీద పేరు మీరే వచ్చి చెక్కాలి. ఆదివారం రమ్మని మేస్త్రీకి కబురు పంపాను. ఈసారి వెనక్కు పంపను.

సంచి అడుగున ఇంకొకటి ఉంది, మీరు బండలు నునుపు చేసే రుద్దుడు రాయి. "ఇదెందుకు పెట్టినాడో నాకు చెప్పలేదు సారూ" అన్నాడు గిడ్డయ్య. నాకు తెలిసింది. చార బండకు కింది పక్క గరుకు.

రేపు పొద్దున మావాళ్ళు షెడ్డులో బరమా తిప్పుతుంటారు. నేను వరండాలో కూర్చుని ఆ కింది పక్క రుద్దుతాను.

మీ
ఏసేపు