వదిలేసిన ఏడు ప్రశ్నలు

మార్చి 2

స్కోరు వచ్చింది. నాలుగు మార్కులు తక్కువ.

మార్చి 3

నిన్న ఇంకేమీ రాయబుద్ధి కాలేదు.

ఆడియాలజీ, అంటే వినికిడి శాస్త్రంలో మాస్టర్స్ ఎంట్రన్స్ ఇది. పెద్ద కాలేజీ కటాఫ్‌కి నాలుగు తక్కువ. సాయంత్రం కాలేజీకి మాత్రం సరిపోతుంది, సీటు ఇస్తామని మెయిల్ కూడా పెట్టేశారు. పగలు ఉద్యోగం, సాయంత్రం క్లాసులు, హాయిగా ఉంటుంది. కానీ పసిపిల్లల వినికిడి గురించి అక్కడ పైపైన చెప్పి వదిలేస్తారు. అది పెద్ద కాలేజీలోనే నేర్పుతారు. నాకు కావలసింది అదే.

మళ్లీ రాయొచ్చు. మెలిక ఒకటే. రెండోసారి రాస్తే రెండో స్కోరే లెక్క, మొదటిది చెల్లదు. తగ్గిందంటే చేతిలో ఉన్న సీటు కూడా పోతుంది. ఈ రూలు పెట్టినవాడెవడో గానీ, వాడి ఇల్లు బంగారం గాను.

అత్తయ్య అప్పుడే మెట్ల మీద ఎదురైన ప్రతివాళ్లకీ కోడలికి సీటొచ్చిందని చెప్పేసింది. ఏ సీటని ఎవరూ అడగలేదట. అడిగితే ఆవిడకూ తెలియదు.

మార్చి 5

నేను పనిచేసే చెవి క్లినిక్‌కి నాలుగేళ్ల పాప వచ్చింది. బయటి చప్పుడు చొరబడని బూత్‌లో తల్లి ఒళ్లో కూర్చోబెట్టి, శబ్దం వినిపించినప్పుడల్లా ఒక రింగు కడ్డీకి తొడగమన్నాను. రింగులన్నీ పాప చేతిలోనే ఉండిపోయాయి. తల్లి గ్రాఫ్ వైపు చూడనే లేదు, నా మొహమే చూసింది. వినిపిస్తోందో లేదో ఆ ఒక్క ముక్క చెప్పమ్మా, చాలు అంది. డాక్టరుగారు చెప్తారండి అన్నాను.

ఎనిమిదేళ్లుగా ఇదే పాట. నేను టెక్నీషియన్ని. గ్రాఫ్ గీయొచ్చు, దాని అర్థం నోటితో చెప్పకూడదు. డాక్టరుగారు ఆపరేషన్‌లో ఉన్నారు. ఆయన వచ్చేదాకా ఆవిడ పాపని అలాగే ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమె ముందు నుంచి వెళ్లాల్సి వస్తుందని నేను టీ మానేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

మార్చి 6

మా ఆయన స్కోరు షీటు తీసుకుని కూర్చున్నారు. డ్రైవింగ్ స్కూల్లో నేర్పే మనిషి కదా, ఎవరు ఎక్కడ తప్పు చేశారో వెతకడం ఆయనకి అలవాటు. ఏడు ప్రశ్నలకి అసలు జవాబే పెట్టలేదేం, టైమ్ చాల్లేదా అని అడిగారు. టైమ్ మిగిలింది, తెలియక వదిలేశాను అన్నాను. తప్పు జవాబుకి మార్కులు కోయరు కదా, కళ్లు మూసుకుని ఏదో ఒకటి కొట్టొచ్చుగా అన్నారు.

కొట్టలేకపోయానని చెప్పాను. బూత్‌లో కూర్చున్న ప్రతి మనిషికీ నేను చెప్పేది ఒకటే. ఎంత చిన్నగా వినిపించినా బటన్ నొక్కండి, వినిపించకపోతే మాత్రం ఊహించి నొక్కకండి. ఊహించి నొక్కేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. పరీక్షలో మౌస్ మీద చెయ్యి వేసి, నిజంగా తెలియదు కదా అనుకుని, చెయ్యి తీసేశాను. ఏడుసార్లు.

ఆయన పడీ పడీ నవ్వారు. నా మొహం చూసి ఆపేశారు.

మార్చి 7, ఉదయం

ఆ ఏడింటికీ ఏదో ఒకటి కొట్టినా రెండైనా తగులుతాయి. ఇంకో రెండు చదివి తెచ్చుకోలేనా? రాస్తాను.

మార్చి 7, సాయంత్రం

రాయను.

మార్చి 9

డాక్టరుగారికి విషయం చెప్పాను. ఉన్నదానితో చేరిపో, నీ మంచికే చెప్తున్నా అన్నారు. పెద్ద కాలేజీ అయితే నేను ఉద్యోగం మానాలి, ఆయన కొత్త టెక్నీషియన్‌ని వెతుక్కోవాలి. నా మంచో ఆయన మంచో. అయినా ఆ మాట రోజంతా చెవిలో తిరుగుతూనే ఉంది. మంచివాడే పాపం, నాకు రికమెండేషన్ రాసిందీ ఆయనే.

మార్చి 11

బస్సు డ్రైవరు ఒకాయన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోసం వచ్చాడు. బటన్ టకటకా నొక్కేస్తున్నాడు. అనుమానమొచ్చి శబ్దం పంపడం ఆపేశాను. అయినా నొక్కుతున్నాడు. తలుపు తీసి గట్టిగానే చెప్పాను. మళ్లీ పెట్టమ్మా, ఈసారి బుద్ధిగా నొక్కుతా అన్నాడు.

రెండోసారి ఇంకా ఘోరం. శబ్దం వెళ్లినప్పుడల్లా బటన్ మీద వేలు కదులుతోంది, నొక్కడం లేదు. వినిపిస్తోంది, కానీ తప్పేమోనని భయం. చొక్కా తడిసిపోయింది. రెండు రోజులాగి రమ్మన్నాను.

ఇంటికొచ్చాక కూడా ఆ వేలే కళ్లముందు. నేనూ అంతే చేస్తాను. సీటు పోతుందేమోనని ప్రతి ప్రశ్న దగ్గరా బిగుసుకుపోతాను.

మార్చి 12

ఇరవై నాలుగో తేదీకి పరీక్ష స్లాట్ బుక్ చేశాను.

మార్చి 13

డ్రైవరు వచ్చాడు. డిపోలో వేరే పని ఇమ్మని అడిగేశాడట. ఇంక పోయేదేముందమ్మా, పెట్టు అన్నాడు. నింపాదిగా కూర్చుని నొక్కాడు. గ్రాఫ్ నిలకడగా వచ్చింది. లిమిట్ లోపలే ఉంది! నిక్షేపంగా బస్సు నడుపుకోవచ్చు. నాకు అరవాలనిపించింది. డాక్టరుగారు చెప్తారండి అన్నాను.

మార్చి 14, మధ్యాహ్నం

సాయంత్రం కాలేజీ నుంచి ఫోన్. సీటు ఖాయం చేసుకోవడానికి ఇవాళే ఆఖరట. వద్దండి, ఇంకెవరికైనా ఇవ్వండి అన్నాను. ఆ అమ్మాయి రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అదే చెప్పాను. అది చేతిలో ఉన్నంతసేపూ నాకు చెయ్యి ఆడదు. ఫోన్ పెట్టేశాక బూత్‌లోకి వెళ్లి తలుపేసుకుని కూర్చున్నాను. ఎంత పని చేశాను.

మార్చి 14, సాయంత్రం

సీటు వదిలేశానని మా ఆయనకి చెప్పాను. ముందే నాతో ఒక్క మాట అనొచ్చుగా అన్నారు. అనాల్సింది. అంటే ఆపుతారని అనలేదు. ఆ సంగతీ ఆయనకి తెలుసు, అందుకే ఎక్కువ బాధపడ్డారు.

బస్సులో సీటే ఎవరూ వదులుకోరు కదే అంది అత్తయ్య.

మార్చి 18

నేను చదువుకుంటుంటే అత్తయ్య టీవీ సౌండ్ తగ్గించి చూస్తోంది. ఎవరూ చెప్పలేదు.

మార్చి 21

ఆయన అన్నం తినేటప్పుడు లెక్కలు అడుగుతున్నారు. తప్పు చెప్తే బ్రేక్, బ్రేక్ అంటున్నారు. మాటలైతే కలిశాయి. భయం మాత్రం ఎక్కడికీ పోలేదు. సీటు వదిలేస్తే పోతుందనుకున్నాను.

మార్చి 24

పరీక్ష అవగానే స్కోరు చూపించారు. మూడు పెరిగాయి. ఒక్కటి తక్కువ.

ఒక్క ప్రశ్న కూడా వదల్లేదు. ఈ స్కోరుకి సాయంత్రం కాలేజీ సీటు చెక్కుచెదరకుండా ఉండేది. వదులుకోకపోయి ఉంటే.

బండి మీద వస్తుంటే ఆయన ఏమీ అడగలేదు. చౌరస్తాలో రెడ్ సిగ్నల్ పడింది. జూన్‌లో మళ్లీ రాస్తానని ఆయన వీపుకి చెప్పాను. క్రితంసారి ఆ మాట అనడానికి నాకు పది రోజులు పట్టింది. ఇవాళ సిగ్నల్ ఇంకా పచ్చబడలేదు.