దండెం కర్రతో స్విచ్చు

నవంబరు 3, 1985. ఆదివారం

ఒక నిర్ణయం తీసుకున్నాను. స్నానాల గదిలో నీళ్ళు కాచే హీటరు రాడ్డుకి స్విచ్చు నేనే బిగిస్తాను. ఎలక్ట్రీషియన్‌ని పిలవను. పిలవను గాక పిలవను.

పిలిస్తే మాత్రం వచ్చేదెవరు? ముక్తేశ్వరంలో తీగలు కలపడం వచ్చినవాళ్ళంతా మస్కట్లో ఉన్నారు. మిగిలిన ఒక్క ఏసుదాసు నెల్నాళ్ళుగా "ఆయ్, రేపొస్తానండి మాస్టారూ" అంటున్నాడు. ఎంత మర్యాదగా అంటాడంటే కోప్పడడానికి వీలుండదు.

అయినా పదో తరగతికి విద్యుత్తు పాఠం చెప్పేది ఎవరు? నేను. బోర్డు మీద నేను గీసిన సర్క్యూటు ఒక్కటైనా ఇంతవరకు కాలిపోయిందా?

గడువు: కార్తీక పాడ్యమి, 13వ తారీకు. ఆ రోజు నుంచి నెల పొడుగునా మా అమ్మ తెల్లవారుజామున గోదావరి స్నానం చేస్తుంది. నిరుడు ఆ చన్నీళ్ళకే ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి, మనిషి మాకు దక్కుతుందనుకోలేదు. ఈసారి రేవులో దిగితే నా దగ్గరికి తీసుకురావద్దన్నాడు డాక్టరు. ఎంతో బతిమాలాక, వేణ్ణీళ్ళల్లో ఒక చెంబుడు గోదావరి కలిపితే ఇంట్లోనే పోసుకుంటానని అమ్మ ఒప్పుకుంది. పాడ్యమికి హీటరు సిద్ధంగా లేకపోతే రేవుకేనట. అదీ షరతు.

నవంబరు 5, మంగళవారం

అమలాపురం వెళ్ళి సామాను తెచ్చాను. స్విచ్చు, ప్లగ్గు, తీగలు, చెక్క పలక, టెస్టరు. టెస్టరు జేబులో పెన్ను పక్కన పెట్టుకుని స్కూలుకి వెళ్ళాను. హెడ్మాస్టరుగారు కూడా చూశారు.

ఒక చిక్కు. అమ్మది మడి. స్విచ్చు అందరూ ముట్టుకునేది గనక తను ముట్టుకోదు. దండెం మీంచి మడిబట్టలు తీసే కర్ర ఉంది కదా, దాంతో నొక్కుతుందట! నవ్వాను.

నవ్వడం మాని కర్రకి అందే ఎత్తులో పెట్టమంది కనకదుర్గ. మా ఆవిడ ఎప్పుడూ అత్తగారి పార్టీయే.

నవంబరు 7, గురువారం

పలక బిగించాను. గోడ కొంచెం పెచ్చులూడింది. కొంచెం అంటే, దాని మీద క్యాలెండరు తగిలించాల్సి వచ్చింది. స్నానాల గది గుమ్మం పక్కన క్యాలెండరు ఎందుకని అడిగినవాళ్ళకి తిథులు చూసుకోడానికని చెప్తున్నాం.

నవంబరు 10, ఆదివారం

తీగలు కలిపే రోజు. అమ్మ పంచాంగం చూసి తొమ్మిదిలోపు కానిచ్చెయ్యమంది. ఆ పైన వర్జ్యం.

ఎనిమిదిన్నరకి కరెంటు పోయింది.

గోడలోంచి వచ్చే రెండు తీగల్లో కరెంటు ఏ తీగలో ఉందో టెస్టరుతో చూసి, ఆ తీగనే స్విచ్చు గుండా తియ్యాలి. పిల్లలకి నేను చెప్పే మొదటి ముక్క అది. కరెంటు లేకపోతే టెస్టరు ఎలా వెలుగుతుంది? అమ్మేమో వాకిట్లోంచి మంచి గడియ దాటిపోతోందంటోంది. మా అమ్మతో వాదించే ధైర్యం నాకు ఏనాడూ లేదు. ఎరుపు తీగలోనే కరెంటుంటుందని లోకమంతా అంటుంది కదా. ఎరుపునే స్విచ్చులో కలిపేశాను. కరెంటు లేకపోవడమూ ఒకందుకు మంచిదే, షాకు కొట్టదు.

ఎర్తు తీగ? పండగయ్యాక చూద్దాం.

సాయంత్రం కరెంటొచ్చింది. నీళ్ళు కాగాయి! నొక్కితే కాగుతున్నాయి, ఆపితే ఆగుతున్నాయి. ఇంకేం కావాలి? రేపు బూరెలు వండుతానంది కనకదుర్గ.

నవంబరు 11, సోమవారం. నరక చతుర్దశి

తెల్లవారుజామునే అమ్మ నా మాడుకి నూనె అంటి, హీటరు పెట్టినవాడివి ముందు నువ్వే పోసుకోమంది. స్విచ్చు ఆపాను. వేడి చూద్దామని గుండిగలో చెయ్యి పెట్టాను.

భుజం దాకా గుంజేసింది. చెంబు ఎటు ఎగిరిందో తెలీదు. నూనె కారుతూ గుమ్మంలో కూలబడి చూస్తే, స్విచ్చు ఆపే ఉంది!

అప్పుడు వెలిగింది. ఈ ఇంటికి ఎప్పుడో వైరింగు చేసిన మహానుభావుడు ఎరుపూ నలుపూ తారుమారు చేశాడు. కరెంటు వచ్చే తీగని వదిలేసి, తిరిగి వెళ్ళే తీగకి నేను స్విచ్చు పెట్టాను. ఆపితే నీళ్ళు కాగడం ఆగుతుంది, కరెంటు మాత్రం రాడ్డులోనే కూచుంటుంది. ఆ రాడ్డుకి ఎక్కడో చిల్లి పడి నీళ్ళల్లోకి దిగుతోంది. దాన్ని నేలలోకి లాగెయ్యడానికి ఎర్తు లేదు.

నా తరవాత వంతు అమ్మది. కర్ర పుచ్చుకుని నా వెనకే నిలబడి ఉంది. కర్రతో స్విచ్చు ఆపి, చేత్తో నీళ్ళు ముంచుకునేది.

పొద్దుటి నుంచీ అదే ఆలోచన. చాలా భయం వేసింది. బూరెలు ముట్టుకోలేదు. (సాయంత్రం నాలుగు తిన్నాను.)

నవంబరు 12, మంగళవారం. దీపావళి

నిర్ణయం రద్దు. ఏసుదాసుని బతిమాలి తీసుకొచ్చాను. స్విచ్చు నొక్కాడు. నీళ్ళు కాగాయి. "శుభ్రంగా బిగించేరండి, ఆయ్" అన్నాడు. షాకు సంగతి చెప్తే, పండగ పూట ఎందుకండీ, రేపొచ్చి చూస్తానని బూరెలు తిని వెళ్ళాడు.

తీగలు నేనే మార్చొచ్చు. తెలిసిన పనే. కానీ పలక దగ్గరికి వెళ్తే చెయ్యి రావడం లేదు.

నవంబరు 13, బుధవారం. పాడ్యమి

ఏసుదాసు రాలేదు. నేనూ ముట్టుకోలేదు. అమ్మ రేవుకి బయల్దేరింది. శాలువా పట్టుకుని వెనకాలే వెళ్ళాను. మునిగి లేచి, వణుకుతూ మెట్లెక్కింది. ఇంటికొచ్చే దారిలో ఒకసారి దగ్గింది. తల దించుకుని నడిచాను.

నవంబరు 14, గురువారం

మళ్ళీ రేవు. మళ్ళీ దగ్గు. ఈసారి ఆగలేదు.

స్కూల్లో బాలల దినోత్సవం. పిల్లలకి పిప్పరమెంటు బిళ్ళలు పంచి, కొత్త రాడ్డు, మూడు పిన్నుల ప్లగ్గు కొనుక్కుని ఇంటికొచ్చేశాను. టెస్టరు పెట్టి చూశాను. నల్లతీగ మీదే వెలిగింది. మెయిన్ ఆపబోతుంటే అమ్మ వచ్చింది. ఆవిడకి పంచాంగం నోటికే వచ్చు.

"వర్జ్యమేరా" అంది. "ఇందాక టెస్టరు వెలిగిందిగా, కానియ్యి."

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మెయిన్ ఆపి తీగలు మార్చాను. ఎర్తు కూడా వేశాను.

నవంబరు 15, శుక్రవారం

అమ్మ దండెం కర్రతో స్విచ్చు ఆపింది. ప్లగ్గు పీకి, ముందుగా నేను చెయ్యి పెట్టి చూస్తానన్నాను. కర్ర అడ్డం పెట్టింది.

"మొన్న నువ్వు పెట్టావు. ఈసారి నాది."

వద్దనేలోపే గుండిగలో చెయ్యి ముంచేసింది. నేను ప్లగ్గు పీకేశాను.

"వేడి చాల్లేదురా గంగాధరం, ఇంకాస్సేపు వెయ్యి" అంది.

వేశాను. చెంబుడు గోదావరి కలుపుకుని ఇంట్లోనే పోసుకుంది.

సాయంత్రం ఏసుదాసు కనిపించి, రేపొస్తానండి అన్నాడు. అక్కర్లేదన్నాను. మా హాల్లో ఫ్యాను చాన్నాళ్ళుగా మూలుగుతోంది. ఒక నిర్ణయం తీసుకున్నాను. అది నేనే బాగుచేస్తాను. ఎవర్నీ పిలవను. కనకదుర్గ అప్పుడే ఫ్యాను కిందున్న మంచం పక్కకి జరిపేసింది.