కెమెరా వాపసు ఇచ్చే ముందు

బావా,

కెమెరా ఫ్రిజ్ మీద ఛార్జింగ్ పెట్టిన. నచ్చకపోతే ఇయ్యాల దుకాణం మూసేలోపల వాపసియ్యమన్నడు కెమెరా అమ్మిన చిల్కానగర్ అన్న. మిద్దెక్కి మౌలాలి గుట్ట మీది దర్గాను జూమ్ చేసి సూడు. మసకగ వస్తే మనకొద్దు. మీటలు తక్కువున్నయి, కొత్తగ నేర్చుకునేటోళ్లకు అదే నయం.

నిన్న నువ్వు తీసినయన్నీ పొద్దుగాల సూసిన. బతుకమ్మ మీది తంగేడు పువ్వు రెక్క రెక్క కనబడ్తున్నది. దాన్ని పట్టుకున్న నా చేతులు గూడ మంచిగనే పడ్డయి. ముఖమే ఒక్కదాంట్ల లేదు. అప్పటిసంది మనసు మనసుల లేదు. అంతసేపు నీ ముందట్నే నిలబడ్డ గద.

బస్సొచ్చే టైమైంది, పోతున్న.

మానస

నాచారంల డ్యూటీ దిగంగనే వెలుతురు పోకముందు వస్త. పచ్చ చీర ఇస్త్రీ చేసిపెట్టు. నా ముఖం ఎట్ల పడ్తదో సూసినంకనే కెమెరా ఉంచుడా, వాపసిచ్చుడా చెప్పు.