హెడ్మాస్టరుకొక కథ

జూలై 2007, శుక్రవారం రాత్రి
అశ్వారావుపేట

బడి గంట మోగితే మా క్లాసు పిల్ల సరితకు భయం. ఆమెకు ఆటిజం. "గంట మోగితే నేను చెవులు మూసుకుని వరండాలో నిలబడతాను, ఆగాక లోపలికి వస్తాను" అని ఆమే చెబుతున్నట్టు, ఆమె ఫోటోలు అంటించి కథ రాశాను. రోజూ చదివిస్తే నేర్చుకుంది. ఇవాళ అలా నిలబడ్డ పిల్లను హెడ్మాస్టరు రెక్క పట్టి ఈడ్చాడు.

"పిచ్చిదానికి కథలేంది టీచరమ్మా? రెండు దెబ్బలేస్తే అదే లోపలికొస్తది" అన్నాడు.

ఇందాక స్టాఫ్ ఫోటోలోంచి ఆయన ముఖం కత్తిరించి ఒక కాగితం మీద అంటించాను. కింద రాశాను: "గంట మోగుతుంది. సరిత చెవులు మూసుకుంటుంది. నేను ఆమెను ముట్టుకోను." రేపు ప్రార్థనకు ముందు, స్టాఫంతా చూస్తుండగా, అక్షరాల కింద వేలు పెట్టి ఆయనకు చదివి వినిపిస్తాను.

నా మీద కోపం పిల్ల మీద తీర్చుకుంటాడేమోనని భయంగానే ఉంది. అయినా...

పిల్లలకు రాసే ప్రతి కథ చివరా "అందరూ సంతోషిస్తారు" అని రాస్తాను. దీనికి రాయలేదు.