వెంట్రుకంత సందు

మర్గిలాన్, మార్చి 3

ప్రియమైన తమ్ముడు తుల్కిన్‌కు,

ఫోన్ చేయకు, ఎత్తను. కాగితం మీద ఉంటేనే నువ్వు రేపు మాట మార్చలేవు. రెండేళ్ల కిందట నువ్వు పెట్టిన ఇంప్లాంట్ పన్ను చుట్టూ చీము కారుతోంది. నోరు ఒకటే కంపు. పెళ్లిళ్లలో తలగుడ్డ కొస అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నాను. దాని చుట్టూ ఎముక సగం కరిగిపోయిందని ఎక్స్‌రే తీసినవాళ్లు చెప్పారు. నిరుడు అడిగితే "సరిగ్గా తోముకో అక్కా" అన్నావు. రోజుకి నాలుగుసార్లు తోమాను రా! ఇంకేం చెయ్యమంటావు?

నీ అక్క, ఓయ్‌దిన్

తాష్కెంట్, మార్చి 9

ప్రియమైన అక్కా,

నువ్వు అరిస్తే ఎముక పెరగదు. టీతో కలకండ నమలడం మానమన్నాను, మానావా? ఎముకలో దించిన మొల మేలిరకం. తేడా నీ వాడకంలోనే ఉంది. ఇక్కడికి రా, శుభ్రం చేస్తాను. ఇంకెవరి చేతా విప్పించకు.

నీ తుల్కిన్

మర్గిలాన్, మార్చి 20

తుల్కిన్,

"ప్రియమైన" అని రాయడానికి చెయ్యి రావడం లేదు. విప్పించాను. ఫెర్గానాలో డాక్టరమ్మ స్క్రూ తీసి, మొల మీద పన్నుని నిలిపే పైముక్క లాగగానే గదంతా కంపు. బ్రష్షు చేరని లోపల నల్లటి జిగురు! మొల కంపెనీదేనట, పైముక్క మాత్రం ఎవరో లేత్ మిషన్ మీద తిప్పి చేసిందట. సీసాకి బిరడాలా బిగిసి కూర్చోవలసింది, వదులుగా ఉంది. నమిలినప్పుడల్లా అది కదిలి, వెంట్రుకంత సందులోంచి ఉమ్మీ సూక్ష్మజీవులూ లోపలికీ బయటికీ తిరిగాయట. ఎముకని తిన్నది అదీ, నా కలకండ కాదు! ఏ వెధవ చేశాడు రా ఆ ముక్క? పేరు చెప్పు, వాడి పరువు బజారుకీడుస్తాను.

ఓయ్‌దిన్

తాష్కెంట్, మార్చి 27

అక్కా,

నాన్న.

విమానాల ఫ్యాక్టరీలో నలభై ఏళ్లు లేత్ నడిపిన మనిషి. "నా కూతురి నోట్లోకి కొన్న ముక్కా?" అని ఇక్కడ మా పెరట్లో వారం రోజులు కూర్చుని తిప్పారు. వేలితో తడిమి, సందే లేదని మురిసిపోయారు. వేలికి అందని సందు అక్కా అది. నాకు అనుమానం వచ్చింది. పెద్దాయన చేతిపనిని మొహం మీదే ఎలా కాదనను? తప్పు నీ మీదికి నెట్టాను. ఆ తర్వాత ఇంకో పదకొండు మంది పేషెంట్లకి ఆయన చేసినవే పెట్టాను. నీ పన్ను ఎలా ఉందని రోజూ అడుగుతారు, బాగుందనే చెబుతున్నాను. డెబ్బై ఎనిమిదేళ్లాయనకి. దయచేసి చెప్పకు.

తుల్కిన్

మర్గిలాన్, ఏప్రిల్ 2

తుల్కిన్,

చెప్పేశాను. నాన్నకే ఫోన్ చేశాను. కుప్పకూలిపోతారనుకున్నావు కదూ? తిట్టారు. నన్ను కాదు, నిన్ను. "తేడా వస్తే మా ఫోర్‌మన్ ముక్క నా ముందు పారేసేవాడు, ఇంకోటి తిప్పేవాణ్ణి. వీడు డాక్టరై ఉండి, తెలిసి తెలిసి నా చెత్తని జనం నోళ్లలో బిగించాడా?" అన్నారు. ఆ పదకొండు మంది గడపలూ తనే ఎక్కుతారట. నువ్వు వెనకాల నడవాలట.

శనివారం రైలుకి వస్తున్నాను. ఈలోగా నిన్నొక మాట అడగమన్నారు: రెండేళ్లుగా రోజూ ఇంటి పెద్దగా తన చేత్తో తుంచిపెట్టిన రొట్టె నీకు గొంతు ఎలా దిగిందని. జవాబు నాకు రాయనక్కర్లేదు. పక్క గదిలోనే ఉన్నారు, వెళ్లి చెప్పు.

అక్క